ఏటిగట్టు కింద బట్టీకి వచ్చే పిల్లల కోసం: ఇంటిల్లిపాదీ కలిసి ఎలా మొదలుపెట్టాలి

మా పెరటి తలుపు తీస్తే కొబ్బరితోట, తోట దాటితే ఏటిగట్టు. గట్టెక్కి చూస్తే కింద లంకలో ఇటుక బట్టీ. కార్తీకం వెళ్లేసరికి అక్కడ తాటాకు పాకలు లేస్తాయి. గోదావరికి ఎర్రనీరు వచ్చేలోగా ఖాళీ అయిపోతాయి. ఆ పాకల్లో ఉండే పిల్లలు ఎక్కడివాళ్లో మేము చాలా ఏళ్లు అడగలేదు. పని కోసం వచ్చినవాళ్లు అనుకుని ఊరుకున్నాం.

2022 వరద తర్వాత వచ్చిన చలికాలంలో ఒక తల్లి, జ్వరంతో కాలిపోతున్న పిల్లాణ్ని భుజాన వేసుకుని మా బోరింగు దగ్గరకు నీళ్ల కోసం వచ్చింది. మా అత్తగారు పిల్లాడి నుదురు పట్టి చూసి లోపలికి పిలిచారు. వచ్చీరాని తెలుగులో ఆమె చెప్పినదాన్నిబట్టి మాకు అర్థమైంది ఇది. వాళ్లది ఛత్తీస్‌గఢ్‌లో సుక్మా వైపు ఊరు. ఊరు తగలబడిపోయాక, అప్పటికి చిన్నపిల్లయిన ఆమెను తీసుకుని తల్లిదండ్రులు అడవి దాటి చింతూరు వైపు వచ్చేశారు. అక్కడ వేసుకున్న గుడిసె కూడా ఆ ఏడాది శబరి నది పోటెత్తినప్పుడు పోయింది. మేస్త్రి దగ్గర అడ్వాన్సు తీసుకుని మొగుడూ పెళ్లాం పిల్లలతో బట్టీకి దిగారు.

ఆ రోజు నుంచి మా ఇంట్లో ఐదుగురం ఈ పిల్లల పని చూస్తున్నాం. మా ఆయన, నేను, అత్తగారు, ఎనిమిదో తరగతి చదివే అమ్మాయి, ఐదో తరగతి చదివే అబ్బాయి. మాకు సంస్థ లేదు, బోర్డు లేదు. డెల్టాలో ఇలాంటి బట్టీలు, చేపల చెరువులు ఉన్న ఊళ్లు చాలా ఉన్నాయి కాబట్టి, మీ ఇంట్లో కూడా ఎవరికైనా మనసుంటే ఎలా మొదలుపెట్టాలో రాస్తున్నాను.

ముందు, ఆ పిల్లలు ఎవరో తెలుసుకోండి

బట్టీకి వచ్చేవాళ్లంతా ఒక్క చోటివాళ్లు కారు. ఒడిశా నుంచి పని దొరక్క వచ్చేవాళ్లు ఉంటారు. పోలవరం ముంపులో ఊరు పోయినవాళ్లు ఉంటారు. ఛత్తీస్‌గఢ్ నుంచి పారిపోయి వచ్చిన కుటుంబాలు ఉంటాయి. ఎవరికి ఏం కావాలో దాన్నిబట్టి మారుతుంది.

ఛత్తీస్‌గఢ్ వాళ్ల సంగతి మన వైపు చాలామందికి తెలియదు. 2005లో బస్తర్ ప్రాంతంలో సల్వాజుడుం మొదలైంది. మావోయిస్టులను ఎదిరించాలని ఊళ్లలోని కుర్రాళ్ల చేతికే తుపాకులిచ్చారు. ఊళ్లు ఖాళీ చేయించి జనాన్ని రోడ్ల పక్క శిబిరాల్లో పెట్టారు. శిబిరానికి వెళ్తే ఒకరికి పగ, వెళ్లకపోతే ఇంకొకరికి అనుమానం. రెండు వైపులా ప్రాణభయంతో వేల కుటుంబాలు అప్పటి ఖమ్మం జిల్లా అడవుల్లోకి వచ్చేశాయి. గిరిజన యువకులను ప్రత్యేక పోలీసు అధికారులుగా పెట్టి ఆయుధాలివ్వడం రాజ్యాంగ విరుద్ధమని 2011 జులై 5న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. వచ్చినవాళ్లలో చాలామంది మాత్రం వెనక్కి వెళ్లలేదు. వాళ్లు ఉంటున్న చింతూరు, కూనవరం, వి.ఆర్.పురం మండలాలు 2014లో ఆంధ్రప్రదేశ్‌లోకి వచ్చాయి.

వాళ్లను మనం గుత్తికోయలంటాం. అది మనవైపు వాడుకలో పడిన పేరు. మీరు ఎవరని అడిగితే కొందరు మురియా అంటారు, కొందరు దొర్ల అంటారు, కొందరు ఉత్తినే కోయ అంటారు. వాళ్లు చెప్పిన పేరుతోనే పిలవండి.

ఇంకొక సంగతి గుర్తుపెట్టుకోండి. ఇప్పుడు ఆరేళ్లు, ఏడేళ్లు ఉన్న పిల్లల్లో చాలామంది ఇటువైపే పుట్టారు. ఊరు తగలబడటం చూసింది అమ్మానాన్నలు. కానీ రాత్రిపూట తెలియని మనిషి గొంతు వినపడగానే తల్లి దీపం ఆర్పేస్తే, ఆ భయం పక్కన పడుకున్న పిల్లకు మాటలతో చెప్పక్కర్లేకుండానే వచ్చేస్తుంది.

ఇంట్లో కూర్చుని ఒక్క మాట అనుకోండి

సాయం చేయాలనుకోగానే ఏం కొనాలి అని ఆలోచిస్తాం. దానికన్నా ముందు తేల్చుకోవలసింది, మనం ఏ రోజు, ఏ వేళకు, ఎన్నాళ్లు వెళ్లగలం అన్నది. వారానికి రెండు గంటలు చాలు. ఆ రెండు గంటలు ఆరు నెలలు తప్పకుండా ఇవ్వగలరా? ఇవ్వలేమనుకుంటే నెలకు ఒక్కసారి అనుకోండి. చిన్న మాట ఇచ్చి నిలబెట్టుకోండి. ఈ పిల్లలు ఊరు వదిలారు, గుడిసె వదిలారు, ఏటా బడి వదులుతున్నారు. చెప్పిన రోజున చెప్పిన మనిషి రావడం వాళ్లకు తిండి తర్వాత తిండి లాంటిది.

ఇది మాకు మా తప్పు వల్లే తెలిసింది. మొదటి ఏడాది మాఘమాసంలో మా బంధువుల పెళ్లి ఉందని, చెప్పకుండా ఒక ఆదివారం మానేశాం. రాత్రి తిరిగొచ్చేసరికి పక్కింటివాళ్లు చెప్పారు, బట్టీ పిల్లాడొకడు చీకటిపడేదాకా గట్టు మీదే కూర్చున్నాడని. తర్వాతి వారం వాడు మా దగ్గరకు రాలేదు. దూరంగా ఇటుకల వరస వెనక నిలబడి చూశాడు. మళ్లీ పక్కన కూర్చోవడానికి వాడికి నెల పట్టింది. అప్పటి నుంచి పెళ్లయినా, పరీక్షలయినా మాలో ఒక్కరైనా వెళ్తాం. నిజంగా కుదరకపోతే ముందు వారమే చెప్తాం.

వేళ మీరు నిర్ణయించకండి, తల్లులను అడగండి. బట్టీలో అచ్చు వేసే పని తెల్లవారుజామున మూడింటికే మొదలవుతుంది. పిల్లలు కూడా లేస్తారు, పగలు తూగుతుంటారు. ఆదివారం పొద్దున ఖర్చులకు డబ్బులు తీసుకుని అందరూ సంతకు వెళ్తారు. మేము మొదట పొద్దున వెళ్లి ఖాళీ పాకలు చూసి వచ్చాం. సాయంత్రం నాలుగు నుంచి ఆరు అయితే బాగుంటుందని తల్లులే చెప్పారు.

ఇంట్లో పెద్దవాళ్లు "ఎవరో ఏమిటో తెలియనివాళ్లు, మనకెందుకు" అనొచ్చు. మా బంధువులూ అన్నారు. అప్పుడు మా అత్తగారు చెప్పిన సమాధానం ఇక్కడ రాయాలనిపిస్తోంది. 1986 ఆగస్టు వరదలో ఆవిడ ఇదే గట్టు మీద చంటిపిల్లతో పరదా కింద ఉన్నారు. ఎవరో తెలియనివాళ్లు పడవలో తెచ్చిన పులిహోర తిన్నారు. ఇంకా వెనక్కి వెళ్తే, ఆవిడ తాతగారు రంగూన్‌లో పనిచేసి, 1942లో జపాన్ సైన్యం వచ్చినప్పుడు అస్సాం మీదుగా నడిచి ఇంటికి చేరారట. ఆ ఏప్రిల్ 6న కాకినాడ మీద కూడా బాంబులు పడ్డాయి. బర్మాలో మనవాళ్లను "కొరంగీలు" అనేవారు, మన కోరంగి రేవు పేరు మీదనే. యుద్ధం వల్ల ఇల్లు వదిలి పరిగెత్తడం ఈ గడ్డకు కొత్త కాదు.

అనుమతులు: వరస తప్పకండి

ముందు తల్లులు, తర్వాత మేస్త్రి, తర్వాత బట్టీ యజమాని. యజమానిని కలిసినప్పుడు మీ ఇల్లెక్కడో, ఎంతసేపు ఉంటారో, పిల్లలతో ఏం చేస్తారో చెప్పండి. కూలి లెక్కల గురించి మొదటి రోజే అడిగితే మిమ్మల్ని గట్టు దిగనివ్వరు, ఆ కోపం వెళ్లి కూలివాళ్ల మీద పడుతుంది. పద్నాలుగేళ్ల లోపు పిల్లలతో పని చేయించడం నేరం. అది కళ్లముందు కనపడితే చూడనట్టు ఉండమని నేను అనను. మా బట్టీలో ఇటుకలు తిరగేసే పని పిల్లలు చేసేవాళ్లు. వాళ్లను బడికి పంపే ఏర్పాటు ముందు చేసి, అప్పుడు మాట్లాడాం. దెబ్బలు, నిర్బంధం, అడ్వాన్సు తీరేదాకా కదలనివ్వకపోవడం లాంటివి ఉంటే మాత్రం ఆగకూడదు. పిల్లల విషయమైతే పిల్లల సహాయ నంబరు 1098కి ఫోన్ చేయండి. పెద్దల విషయమైతే కార్మిక శాఖ అధికారికి, తహశీల్దారుకు తెలియజేయండి.

అంగన్‌వాడీ టీచరును, ఆశా కార్యకర్తను, దగ్గర బడి హెడ్మాస్టరుగారిని కూడా మొదటి వారంలోనే కలవండి. తర్వాత ప్రతి పనికీ వాళ్లే కావాలి.

మొదటిసారి చేతులూపుకుంటూ వెళ్లండి

నిజంగానే అంటున్నాను. ఒక చాప, ఒక బంతి, తాగడానికి నీళ్లు. అంతే.

మేము మొదటిసారి మూడు సంచుల పాత బట్టలు, బిస్కెట్ ప్యాకెట్లు పట్టుకెళ్లాం. సంచి విప్పగానే పెద్దపిల్లలు మీద పడ్డారు. చిన్నవాళ్లకు ఏమీ అందలేదు. ఒక పాపకు జరీ గౌను వచ్చింది, ఆ మట్టిలో ఆ ఎండలో అది ఎందుకు పనికొస్తుంది? తండ్రులు పక్కకు తిరిగి నిలబడ్డారు. తమ బిడ్డలు ఎవరి ముందో చేయి చాచడం ఏ తండ్రికి బాగుంటుంది? ఆ చూపు నాకు ఇప్పటికీ గుర్తుంది.

ఇవ్వాలనుకున్నవి రెండో నెలలో ఇవ్వండి. తల్లులను అడిగి జాబితా రాసుకోండి. మాకు వాళ్లు చెప్పినవి ఇవి: చెప్పులు, దోమతెరలు, ఆడపిల్లలకు లోదుస్తులు, తలకు నూనె, టార్చిలైటు. బొమ్మలు ఎవరూ అడగలేదు. ప్రతి బిడ్డ కొలతా తీసుకుని, పేరు రాసిన సంచుల్లో పెట్టి తల్లుల చేతికే ఇచ్చాం. పిల్లలకు వాళ్ల అమ్మ ఇచ్చినట్టే ఉంది. నెలకు రెండువేలకు మించకుండా చూసుకుంటాం. ఎక్కువ ఖర్చుపెట్టి రెండు నెలల్లో అలసిపోవడం కంటే ఇది మేలు.

ఆ రెండు గంటలు ఎలా గడపాలి

ప్రతిసారీ ఒకే వరసలో చేయండి. మేము వెళ్లగానే చాప పరుస్తాం, గుండ్రంగా కూర్చుంటాం, ఒక్కొక్కరి పేరు పిలిచి చప్పట్లు కొడతాం. తర్వాత ఆట. తర్వాత బొమ్మలు గీయడం లేదా ఏదైనా చేయడం. తర్వాత అత్తగారి కథ. చివర చేతులు కడుక్కుని అరటిపండో, ఉడికించిన గుడ్డో, వేరుసెనగ ఉండో తినడం. ఆఖరున "మళ్లీ ఆదివారం నాలుగింటికి" అని అందరం కలిసి అనడం. ఇంతే. మూడో వారానికల్లా తర్వాత ఏం వస్తుందో పిల్లలే చెప్పేస్తారు. అలా ముందే తెలిసి ఉండటంలోనే వాళ్లకు ధైర్యం దొరుకుతుంది.

ఏం జరిగిందని అడగకండి. "మీ ఊరు ఎందుకు వదిలారు? ఎవరు కొట్టారు? చూశావా?" ఇలాంటి ప్రశ్నలు మన ఉత్సుకత కోసమే తప్ప పిల్లల కోసం కాదు. వాళ్లంతట వాళ్లు చెప్తే పక్కన కూర్చుని వినండి. మధ్యలో ఆపకండి, "అయ్యో" అని గుండెలు బాదుకోకండి, "మర్చిపో" అనకండి. "చెప్పావు, మంచిది. నేను ఇక్కడే ఉన్నాను" అంటే చాలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011లో ఇచ్చిన మానసిక ప్రథమ చికిత్స పుస్తకంలో కూడా ఇంతే ఉంటుంది: చూడు, విను, కావలసిన సాయంతో కలుపు. చదువుకున్న డాక్టర్లే కాదు, మామూలు మనుషులు కూడా చేయగలిగిన పని అది.

కొన్ని గుర్తులు తెలిసి ఉండాలి. పెద్ద చప్పుడుకు ఉలిక్కిపడటం, యూనిఫాం వేసుకున్నవాళ్లను చూసి దాక్కోవడం, ఏడెనిమిదేళ్లు వచ్చినా పక్క తడపడం, ఇచ్చిన తిండి తినకుండా దాచుకోవడం, అసలు మాట్లాడకపోవడం, కర్రలతో కాల్చుకునే ఆట పదే పదే ఆడటం. వీటిని చూసి తిట్టకండి. ఆ ఆటను బలవంతంగా ఆపకండి కూడా. పక్కన కూర్చుని "వీళ్లకు దెబ్బ తగిలింది కదా, ఇప్పుడు ఎవరు వస్తారు?" అని అడిగితే ఆట మెల్లగా మారుతుంది. మా దగ్గర ఒక పిల్ల అప్పుడు డాక్టరయింది.

చప్పుళ్ల విషయంలో డెల్టాలో ప్రత్యేకంగా జాగ్రత్త కావాలి. పెళ్లిళ్లకు, జాతరలకు మనం కాల్చే మందుగుండు ఎంతో మీకు తెలుసు. ఒకసారి పక్క ఊళ్లో తారాజువ్వలు పేలగానే ఒక పాప పచ్చి ఇటుకల వరసల మధ్య దూరి గంటసేపు బయటకు రాలేదు. ఇప్పుడు ఊళ్లో ఉత్సవం ఉందంటే ముందు వారమే చెప్తాం. మా ఆయన ఫోన్లో తారాజువ్వల చప్పుడు చిన్నగా వినిపించి, ఆ చప్పుడు ఇదే అని చూపిస్తారు. ఉత్సవం రాత్రి పిల్లలు తల్లుల పక్కనే ఉండేలా చూస్తాం.

నెల దాటినా నిద్ర పట్టకపోవడం, తినకపోవడం, తనను తాను కొట్టుకోవడం, చచ్చిపోతానని అనడం లాంటివి ఉంటే అది మన చేతిలో పని కాదు. చచ్చిపోతానన్న మాట వింటే నెల కూడా ఆగకండి. మానసిక ఆరోగ్యం కోసం ప్రభుత్వం పెట్టిన ఫోన్ సేవ టెలిమానస్ 14416కు ఎప్పుడైనా ఫోన్ చేయొచ్చు, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. జిల్లా ఆసుపత్రిలో మానసిక వైద్యులు ఉంటారు. తల్లిదండ్రులకు చెప్పి, వాళ్లతో కలిసి తీసుకెళ్లండి.

భాష

ఛత్తీస్‌గఢ్ నుంచి మా బట్టీకి వచ్చినవాళ్లది కోయ భాష. కొందరు పెద్దవాళ్లకు హిందీ వచ్చు. మన తెలుగు, అందులోనూ మన గోదావరి తెలుగు, పిల్లల్లో చాలామందికి కొత్త. "ఇలా రండి అమ్మా" అని మనం ఎంత ప్రేమగా అన్నా అర్థం కాదు.

మా అమ్మాయి దీనికి ఒక పద్ధతి కనిపెట్టింది. ఒక నోటుబుక్కులో బొమ్మ గీస్తుంది: కుక్క, నీళ్లు, చెట్టు, అమ్మ. పిల్లలు వాళ్ల మాట చెప్తారు, అది తెలుగు లిపిలో రాస్తుంది. తను తప్పుగా పలికితే అందరూ పడీపడీ నవ్వుతారు. ఆ నవ్వులోనే మొహమాటం పోయింది. లెక్క చెప్పేటప్పుడు మన రెండు, మూడు, నాలుగు పోలికలు వినపడి వాళ్లకీ మాకూ ఆశ్చర్యమేసింది. పిల్లలు గురువులయ్యే ఆ పది నిమిషాలను ఏ వారమూ వదలకండి. గిరిజన భాషల్లో తెలుగు లిపితో చిన్న తరగతుల వాచకాలు కూడా ఉన్నాయి. దగ్గర్లోని ఐటీడీఏలో (గిరిజనాభివృద్ధి సంస్థలో) గానీ విద్యాశాఖలో గానీ అడిగితే కోయ భాషవి దొరకొచ్చు.

ఆట వస్తువులు చుట్టుపక్కలే ఉన్నాయి

కొబ్బరాకుతో బూర, గిలక, చేతి వాచీ, పాము. వేసవిలో ముంజెలు తిన్నాక మిగిలిన తాటికాయ బుర్రలతో బండి. చింతగింజలతో వామనగుంటలు. ఇవి మా అత్తగారి శాఖ. కొన్న బొమ్మ విరిగితే ఏడుపు, పోతే గొడవ. కొబ్బరాకు బూర పాడైతే ఇంకోటి చేసుకుంటారు, అదీ సొంత చేతులతో. అన్నీ పోగొట్టుకున్న పిల్లకు "నేను మళ్లీ చేసుకోగలను" అనిపించడం చిన్న సంగతి కాదు.

బడి: అన్నిటికన్నా ఎక్కువ ఓపిక ఇక్కడ కావాలి

మీ ఆదివారాలు ఎంత బాగా జరిగినా బడికి ప్రత్యామ్నాయం కావు. పిల్ల బడిలో చేరితే చదువుతో పాటు మధ్యాహ్న భోజనం, పుస్తకాలు వస్తాయి. పగలంతా బట్టీ మంట దగ్గర, ఊక పొగలో ఉండకుండా నీడ దొరుకుతుంది.

2009 విద్యాహక్కు చట్టం ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లలందరికీ వర్తిస్తుంది. అందులో మనకు పనికొచ్చేవి నాలుగు ఉన్నాయి. వయసు రుజువు లేదని చేర్చుకోకుండా ఉండకూడదు. టీసీ రావడం ఆలస్యమైందని ఆపకూడదు. విద్యా సంవత్సరం మధ్యలో వచ్చినా చేర్చుకోవాలి. ఎప్పుడూ బడికి వెళ్లని పదేళ్ల పిల్లను ఒకటో తరగతిలో కూర్చోబెట్టకుండా వయసుకు తగ్గ తరగతిలో చేర్చి, వెనకబడిన చదువును ప్రత్యేక శిక్షణతో అందించాలి.

చట్టం ఇలా ఉన్నా, మేము వెళ్లిన ఒక బడిలో ఆధార్ లేనిదే కుదరదన్నారు. వాదించి టెన్షన్ పడకుండా ఒక తెల్లకాగితం మీద పిల్ల పేరు, తల్లిదండ్రుల పేర్లు, సుమారు వయసు, ఎక్కడి నుంచి వచ్చారో, ఎప్పటిదాకా ఉంటారో రాసి, తల్లి వేలిముద్ర వేయించి ఇచ్చాం. తీసుకున్నట్టు సంతకం అడిగాం. ఒక నకలు మండల విద్యాధికారికి ఇచ్చాం. వారం తిరక్కుండా పిల్లలు లోపల కూర్చున్నారు. గొంతు పెంచి అడిగేకన్నా కాగితం రాసి అడగడం మేలు.

చేరాక అసలు పని మొదలవుతుంది. మొదటి పది రోజులు ఎవరో ఒకరు వెంట వెళ్లండి. మా ఆయన పొద్దున కొబ్బరికాయల లోడుకు వెళ్లేముందు వాళ్లను గట్టు దాటించి బడి దాకా దిగబెట్టేవారు. పిల్లలకు భాష రాదని, మొద్దులు కారని టీచరుకు చెప్పండి. తరగతిలో మన ఊరి పిల్ల ఒకరిని జతగా కూర్చోబెట్టమని అడగండి. ఎగతాళి చేసేవాళ్లు ఉంటారు. మా అబ్బాయి తరగతిలోనే ఒకడు "అడవోళ్లు" అన్నాడట. మావాడు ఇంటికొచ్చి ఏడ్చాడు. టీచరుతో మాట్లాడితే ఆవిడ ఒకరోజు ఆ పిల్లలతో కొబ్బరాకు బూరలు చేయించి తరగతికి నేర్పించారు. ఆ తర్వాత ఆ మాట వినపడలేదు.

కాగితాలు

జనన ధ్రువీకరణ పత్రం ఈ పిల్లల్లో చాలామందికి ఉండదు. పుట్టిన 21 రోజుల్లోపు నమోదు చేయిస్తే రుసుము లేదు. ఏడాది దాటితే మెజిస్ట్రేటు స్థాయి ఉత్తర్వు కావాలి, తిరగడం తప్పదు. 2023 అక్టోబరు 1 తర్వాత పుట్టినవాళ్లకు ఇక ముందు చాలా పనులకు ఈ ఒక్క పత్రమే ఆధారం. అందుకే బట్టీలో ఉండగా కాన్పు అయితే మాత్రం 21 రోజులు దాటనివ్వకండి. గర్భిణి పేరు ముందే ఆశా కార్యకర్తకు చెప్పండి. ఎస్టీ హోదా రాష్ట్రాన్నిబట్టి ఉంటుంది కాబట్టి వీళ్లకు కుల ధ్రువీకరణ కష్టమవుతుంది. అది ఇప్పిస్తామని మాటివ్వకండి.

ఒంట్లో ఎలా ఉందో

వలస వచ్చిన పిల్లలకూ అంగన్‌వాడీలో గుడ్డు, పాలు ఇవ్వాలి. అడిగి పేర్లు రాయించండి. అక్కడ జబ్బ చుట్టుకొలత చూసే టేపు ఉంటుంది. ఆరు నెలల నుంచి ఐదేళ్ల లోపు బిడ్డకు అది 11.5 సెంటీమీటర్లకన్నా తక్కువ వస్తే ఆలస్యం చేయకూడదు, డాక్టరుకు చూపించి, చెప్తే పోషకాహార పునరావాస కేంద్రానికి పంపాలి. టీకాల కార్డు పోయినా మళ్లీ వేయించొచ్చు. తొమ్మిది నెలలు నిండిన బిడ్డకు తట్టు, రూబెల్లా టీకా పడిందో లేదో తప్పకుండా అడగండి. గుంపుగా ఉండే పాకల్లో తట్టు ఒకరికి వస్తే అందరికీ వస్తుంది. ఏజెన్సీ నుంచి వచ్చినవాళ్లకు జ్వరమొస్తే మలేరియా పరీక్ష చేయించండి. ఆ తల్లి ఎత్తుకొచ్చిన పిల్లాడిదీ మలేరియానే. మూడు రోజుల మందుతో లేచి కూర్చున్నాడు.

ఎప్పుడూ చేయకూడనివి

పిల్లల ఫొటోలు తీయకండి, వాట్సాప్‌లో పెట్టకండి. ఎవరి నుంచి పారిపోయి వచ్చారో మనకు తెలియదు. ఒక్క ఫొటో, ఒక్క ఊరిపేరు వాళ్ల బంధువుల ప్రాణాల మీదకు తేవచ్చు. దాతలకు చూపించాలంటే పిల్లలు గీసిన బొమ్మను, పేరు లేకుండా, తల్లిని అడిగి చూపించండి.

ఒక్కరే ఒక బిడ్డతో ఏకాంతంగా ఉండకండి. మనం మంచివాళ్లమే కావచ్చు, ఆ కట్టుబాటు పిల్లల కోసం. ఇద్దరు పెద్దవాళ్లు ఎప్పుడూ అందరికీ కనపడేలా ఉండాలి. కొత్తగా ఎవరైనా మీతో వస్తామంటే వాళ్లకూ ఇదే నియమం.

పిల్లను ఇంటికి తెచ్చుకోకండి. "ఆ ఆడపిల్లను మాకిచ్చేయండి, తిండి పెట్టి పెంచుకుంటాం, ఇంట్లో చిన్నచిన్న పనులు చేస్తుంది" అని అడిగేవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉంటారు. మా దగ్గరకూ వచ్చారు. అది పెంపకం కాదు, నేరం. దత్తతకు చట్టప్రకారం వేరే దారి ఉంది. అమ్మానాన్నలు లేకుండా ఒంటరిగా బిడ్డ కనపడితే 24 గంటల్లోపు 1098కి గానీ పోలీసులకు గానీ బాలల సంక్షేమ సమితికి గానీ తెలియజేయాలి.

మీ సొంత పిల్లల గురించి

నాకు బాగా భయం వేసింది ఇక్కడే. మా అబ్బాయి మొదటి రెండు నెలలు రాత్రిపూట "మన ఇల్లు కూడా తగలబెడతారా?" అని అడిగేవాడు. లేదని చెప్పి పడుకోబెట్టడం చాల్లేదు. వాణ్ని రెండు వారాలు ఇంట్లోనే ఉంచి, తర్వాత బంతి మోసే పని మాత్రమే ఇచ్చాం. బాధ పడే కథలు వాడి ముందు మాట్లాడటం మానేశాం. తిరిగొచ్చాక గట్టు మీద కూర్చుని, ఈ రోజు ఏది బాగుంది, ఏది బాగోలేదు అని ఒక్కొక్కరం చెప్పుకుంటాం. మీ పిల్లలు రానంటే బలవంతం చేయకండి. వాళ్ల ముందు బట్టీ పిల్లలను చూపించి "చూడు, వాళ్లకు ఏమీ లేదు, నువ్వు అన్నం పారేస్తావు" అని ఎప్పుడూ అనకండి. ఏ బిడ్డా ఇంకో బిడ్డకు పాఠంగా ఉండకూడదు.

గాజా, ఉక్రెయిన్, సూడాన్ పిల్లల కోసం ఏదైనా చేయాలని మా అమ్మాయి అడుగుతుంది. దూరదేశాలకు వస్తువులు పంపలేం. యునిసెఫ్ లాంటి తెలిసిన సంస్థకు వాళ్ల అధికారిక చిరునామా ద్వారా డబ్బు పంపుతాం. ఏడ్చే పిల్లల ఫొటోతో ఫోన్లోకి వచ్చే క్యూఆర్ కోడ్‌లకు పంపం.

వాళ్లు వెళ్లే రోజు

జూన్ దగ్గరపడుతుంటే పాకలు విప్పడం మొదలవుతుంది. ఒక్కోసారి చెప్పాపెట్టకుండా రాత్రికి రాత్రే లారీ ఎక్కేస్తారు. కాబట్టి మే మొదటి వారానికే అన్నీ సిద్ధం చేయండి. మూడు ఆదివారాల ముందు నుంచే "ఇంకా మూడు, ఇంకా రెండు" అని లెక్క చెప్పండి. పిల్లలు కోపం తెచ్చుకోవచ్చు, ఎడమొహంగా ఉండొచ్చు. ఉండనివ్వండి.

బడి నుంచి చదివినట్టు రాయించుకుని, టీకాల కార్డు, కాగితాల నకళ్లు, చదువుకున్న తరగతి రాసిన అట్టముక్క, మీ ఫోన్ నంబరు అన్నీ తడవకుండా ప్లాస్టిక్ కవర్లో పెట్టి తల్లి చేతికి ఇవ్వండి. వాళ్లు వెళ్లే చోటి బడికి హెడ్మాస్టరుగారి చేత ఫోన్ చేయించండి. మేము వేసవి సెలవుల్లో ఒకసారి రాజమండ్రి, మారేడుమిల్లి ఘాట్ మీదుగా చింతూరు వెళ్లి చూసి వచ్చాం. వెళ్లే ముందు అక్కడి బడి టీచరుకు చెప్పి, ఎక్కడికి వెళ్లొచ్చో ఎక్కడికి వెళ్లకూడదో కనుక్కుని వెళ్లాం. మీ కుటుంబానికి అంత దూరం కుదరకపోతే ఫోన్ చాలు.

వచ్చే ఏడాది మీరు కొనసాగించలేరనుకుంటే, ఆ మాట కూడా ఈ మూడు ఆదివారాల్లోనే చెప్పండి. మీ బదులు ఎవరు వస్తారో వాళ్లను తీసుకెళ్లి చాప మీద పక్కన కూర్చోబెట్టి చూపించండి. కొనసాగించేట్టయితే, కార్తీకం వెళ్లాక పాకలు లేచిన మొదటి ఆదివారం, ఎవరు వచ్చారో ఎవరు రాలేదో తెలియకపోయినా, చాప పట్టుకుని నాలుగింటికి గట్టు మీద ఉండండి.